ముల్కీ: పదిహేనేళ్లు, ఒక ప్రమాణపత్రం

'ముల్కీ' అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా మన తెలుగులోకి వచ్చిన మాట. మ-ల-క ధాతువుకు అధీనంలో ఉంచుకోవడమని అర్థం. ఏలేవాడు మలిక్, సొంతదారు మాలిక్, ఏలుబడిలోని నేల ముల్క్, ఆ నేలకు చెందినవాడు ముల్కీ.

నిజాం పాలనలో ఈ మాట సర్కారు కొలువులకు కొలబద్ద అయింది. 1919 నాటి ఫర్మానా ప్రకారం బయటివాడు ముల్కీ కావాలంటే పదిహేనేళ్లు సంస్థానంలో స్థిరంగా ఉండాలి. అంతేకాదు, పాత చోటికి తిరిగి వెళ్లే ఉద్దేశం విడిచిపెట్టానని ప్రమాణపత్రం కూడా ఇవ్వాలి. మొదటి షరతు కాలానికి, రెండోది మనసుకు.

ఆ పత్రాలు దొంగవి పుట్టుకొచ్చి, స్థానికుల నోటికాడి కూడు పోతోందన్న ఆగ్రహం 1952లో 'నాన్ ముల్కీ గో బ్యాక్' నినాదమైంది. సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1969లో ఆ మంట మళ్లీ రగిలింది. 1973లో ముల్కీ నిబంధనలు రద్దయ్యాయి, 1975 రాష్ట్రపతి ఉత్తర్వుతో 'లోకల్' వచ్చింది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో గ్రూప్స్‌కు చదివే పిల్లలకు ముల్కీ తెలియకపోవచ్చు. లోకల్, నాన్ లోకల్ తెలియనివాళ్లు మాత్రం లేరు.

అమెరికాలో ఈ పదం లేదు, దాని రెండు షరతులూ ఉన్నాయి. గ్రీన్‌కార్డు మీద సాధారణంగా ఐదేళ్లుంటే పౌరసత్వానికి అర్హత. ఆపైన పరాయి రాజ్యాల పట్ల విధేయత వదులుకుంటున్నానని ప్రమాణం. సత్య నాదెళ్ల కథ ఇక్కడ గుర్తుచేసుకోవాలి. తండ్రి యుగంధర్‌ది అనంతపురం జిల్లా బుక్కాపురం. కొడుకు పుట్టింది హైదరాబాద్‌లో, చదివింది బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో. 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరాక ఆయన చేతికొచ్చిన గ్రీన్‌కార్డును వదిలేసి, భార్యను తెచ్చుకోవడానికి తాత్కాలిక హెచ్-1బీ వీసాకు మారారు. స్థిరవాసి భార్య ఏళ్లపాటు వరుసలో ఆగాలి, తాత్కాలికుడి భార్య వెంటనే రావచ్చు. నిబంధన అలా ఉంది. తన పుస్తకం 'హిట్ రిఫ్రెష్'లో ఆయనే ఈ సంగతి చెప్పారు. 2014 ఫిబ్రవరి 4న మైక్రోసాఫ్ట్‌కే సీఈఓ అయ్యారు.

నాదెళ్ల బడి మైదానంలో నేర్చిన క్రికెట్‌ను మాత్రం వదల్లేదు. అమెరికా మేజర్ లీగ్ క్రికెట్‌లో సియాటెల్ ఆర్కాస్ జట్టుకు పెట్టుబడి పెట్టినవాళ్లలో ఆయన ఒకరు. మనసులో పాత ఊరు అలాగే ఉంది. దానివల్ల కొత్త ఊరికి నష్టమేమీ రాలేదు, ఒక ఆట అదనంగా దక్కింది.

ఫర్మానాలోని మొదటి షరతు న్యాయమైనది. ఒక చోట ఉండి, పన్ను కట్టి, పని చేసిన ఏళ్లే మనిషిని అక్కడివాణ్ని చేస్తాయి. స్థానికుల కొలువులకు రక్షణ కూడా న్యాయమే. పుట్టినూరిని మరిచిపొమ్మనే రెండో షరతు మాత్రం ఏ దేశం పెట్టినా అన్యాయం. నాదెళ్ల పదవికి మురిసిన మనం, అంబర్‌పేటలో అద్దెగది వెతుక్కుంటూ వచ్చే ఒడియా, బిహారీ కార్మికులను కూడా ఈ న్యాయంతోనే చూడాలి. వాళ్ల భాష, వాళ్ల పండగ వాళ్లకుండనిచ్చి, ఇక్కడివాళ్లుగా లెక్కించాలి.