పోపులపెట్టె పక్కన రంగులపెట్టె

మా అమ్మాయి హాస్టల్‌కి వెళ్ళిపోయాక దాని అల్మరా సర్దుతుంటే ఎనిమిదో తరగతి నాటి రంగుల డబ్బా ఒకటి బయటపడింది. పన్నెండు బిళ్ళల్లో పదకొండు సగం అరిగి, ఎండి పగుళ్ళిచ్చాయి. తెల్లబిళ్ళ ఒక్కటే కొన్ననాటిలా ఉంది. ఆ సాయంత్రం పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి, కిటికీలోంచి కనిపించే మునగచెట్టు వేశాను. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళకి మళ్ళీ కుంచె పట్టుకోవడం అదే. చెట్టు చెట్టులా రాలేదు గానీ, పొయ్యి మీద పాలు పొంగిపోయిన సంగతి నాకు తెలియనే లేదు.

మర్నాడు మంచి రంగులపెట్టె ఒకటి కొనుక్కుందామని ధరలు చూశాను. కొన్ని రెండొందలకి వస్తున్నాయి, కొన్ని నెల సరుకులంత ఖరీదున్నాయి. మావారికి చూపిస్తే, "హాబీకే కదా, ఏదో ఒకటి తీసుకో" అన్నారు. పాపం, ఆయన మామూలుగానే అన్నారు. నాకే ఆ "హాబీకే కదా" రాత్రంతా ముల్లులా గుచ్చుకుంది. అసలీ పెట్టె ఎవరి కోసం పుట్టిందో చూద్దామని చదవడం మొదలుపెట్టాను.

ఒకప్పుడు నీటిరంగులు వెయ్యాలంటే ముందు రంగులు నూరుకోవాలి. రంగుపొడి, తుమ్మబంక, నీళ్ళు కలిపి రాతిపలక మీద మెత్తగా నూరి, గవ్వల్లోనో ఆల్చిప్పల్లోనో పోసి దాచుకునేవారు. పచ్చడి నూరినట్టే అనుకోండి, కాకపోతే గంటలకొద్దీ. లండన్‌లో విలియం, థామస్ రీవ్స్ అనే అన్నదమ్ములు ఆ రంగుల్ని బిళ్ళలుగా చేసి అమ్మడం మొదలుపెట్టారు. 1781లో అక్కడి సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ వాళ్ళకి వెండి పాలెట్ బహుమతి ఇచ్చింది. ఆ బిళ్ళలు గట్టిగా ఉండేవి. సాన మీద గంధం తీసినట్టు తడిపళ్ళెంలో అరగదీస్తేనే రంగు దిగేది. అయినా జేబులో వేసుకుని బయటికి వెళ్ళే వీలు వచ్చింది.

తర్వాత 1832లో విలియం విన్సర్, హెన్రీ న్యూటన్ కలిసి దుకాణం పెట్టారు. గ్లిజరిన్ కలిపి, తడికుంచె తగలగానే కరిగే మెత్తని రంగుల్ని చిన్న గిన్నెల్లో పోసి అమ్మారు. ఇప్పుడు మనం పాన్, హాఫ్ పాన్ అంటున్నవి ఆ గిన్నెలే. 1841లో జాన్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు నొక్కితే రంగు వచ్చే తగరపు గొట్టం కనిపెట్టాడు. మరో అయిదేళ్ళకి నీటిరంగులూ ట్యూబుల్లోకి వచ్చాయి.

ఈ పెట్టెల్ని పటాలు గీసే సైనికులు కొన్నారు, ఊళ్ళు తిరిగే చిత్రకారులు కొన్నారు. వాళ్ళతో పాటు ఇళ్ళల్లోని ఆడవాళ్ళూ కొన్నారు. ఎందుకో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. నూనెరంగులకి వాసన, మరకలు, వాటికంటూ ఒక గది, రోజులకొద్దీ ఆరబెట్టడం. నీటిరంగులకైతే బల్ల మూల చాలు. ఎవరైనా పిలిస్తే మూత వేసి లేచిపోవచ్చు. విక్టోరియా రాణి కూడా 1846లో ఎడ్వర్డ్ లియర్ దగ్గర బొమ్మలు వెయ్యడం నేర్చుకుంది. ఆడపిల్లకి పియానోలాగే నీటిరంగులూ ఒక ముచ్చటైన విద్య అయిపోయాయి.

చిక్కంతా అక్కడే ఉంది. ముచ్చట కాబట్టి వెయ్యనిచ్చారు. ముచ్చట కాబట్టే లెక్కలోకి తీసుకోలేదు. 1768లో లండన్ రాయల్ అకాడెమీ పెట్టినప్పుడు వ్యవస్థాపకుల్లో ఆంజెలికా కాఫ్‌మన్, మేరీ మోజర్ అని ఇద్దరు స్త్రీలు ఉన్నారు. ఆ సభ్యుల్ని జొఫానీ ఒక చిత్రంలో వేశాడు. మగవాళ్ళు మోడల్ చుట్టూ చేరి ఉంటారు. ఆ మోడల్ బట్టల్లేని మగమనిషి కాబట్టి ఆడవాళ్ళు ఆ గదిలో ఉండకూడదు. అందుకని వాళ్ళిద్దర్నీ గోడకి తగిలించిన పటాలుగా వేశాడు. వాళ్ళ తర్వాత మరో స్త్రీని పూర్తి సభ్యురాలిగా ఎన్నుకున్నది 1936లో. ఆవిడ లారా నైట్. నూట అరవై ఎనిమిదేళ్ళండీ!

ఆ పెట్టె మన దేశానికీ వచ్చింది. 1856లో గవర్నర్ జనరల్ భార్యగా కలకత్తాకి వచ్చిన షార్లెట్ కానింగ్ వెళ్ళిన ప్రతిచోటా పూలనీ, కొండల్నీ నీటిరంగుల్లో వేసుకుంది. 1861లో డార్జిలింగ్ ప్రయాణంలో మలేరియా తగిలి, ఆ ఏడే కలకత్తాలో కన్నుమూసింది. బెంగాలీ మిఠాయి లేడికెనికి ఆవిడ పేరే పెట్టారంటారు. ఆవిడ వేసిన బొమ్మలు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. మిఠాయి పేరు మనలో చాలామందికి తెలుసు, బొమ్మల సంగతి తెలిసినవాళ్ళు తక్కువ.

మన రాజమండ్రి సంగతీ చెప్పాలి. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు. ఆయన చేరదీసిన కుర్రాళ్ళలో అడివి బాపిరాజు ఒకరు, దామెర్ల రామారావు ఒకరు. రామారావు 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే మశూచితో పోయారు. ఆయన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. రామారావు పేరు ఆర్ట్ గ్యాలరీ బోర్డు మీద ఉంది, పుస్తకాల్లో ఉంది. చిన్నప్పుడు స్కూలువాళ్ళు తీసుకెళితే ఆ గ్యాలరీ చూశాను. ఆ ఇంటి ఆడవాళ్ళూ బొమ్మలు వేసేవారని మాత్రం నాకు మొన్న చదివితేనే తెలిసింది. ఆ రోజు నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇంత చదివాక "ఏదో ఒకటి" కొనబుద్ధి కాలేదు. మీకూ పనికొస్తుందని, నేను పెట్టె ఎలా ఎంచుకున్నానో చెప్తాను.

నలభై ఎనిమిది రంగుల పెట్టె చూస్తే కళ్ళు చెదురుతాయి. మనకి పన్నెండు చాలు. పోపులపెట్టెలో ఏడు గిన్నెలతోనే ఏడాది పొడుగునా వండుతున్నాం కదా! పసుపులు రెండు, ఎరుపులు రెండు, నీలాలు రెండు, మట్టిరంగులు రెండు మూడు ఉంటే మిగతావి కలుపుకోవచ్చు. అందుకే మూత లోపల తెల్లగా, కలుపుకోవడానికి చోటు ఉండాలి. గిన్నెలు ఊడి వచ్చేవై ఉండాలి. అప్పుడు అయిపోయిన రంగు ఒక్కటే కొనుక్కోవచ్చు, లేదా ట్యూబు రంగు పోసి ఆరబెట్టుకోవచ్చు.

పేరు చూసి మోసపోకండి. ఇండియన్ ఎల్లో అనే రంగుని ఒకప్పుడు బీహార్‌లో మామిడాకులు మేపిన ఆవుల మూత్రంతో చేసేవారని 1883లో త్రైలోక్యనాథ్ ముఖర్జీ రాశారు. ఇప్పుడు ఆ పేరుతో వచ్చేవి వేరే రంగుపొడులతో చేసినవే. పేరు కింద చిన్న అక్షరాల్లో పి.బి.29 లాంటి గుర్తు ఉంటుంది, అది అల్ట్రామెరైన్ నీలం. ఆ గుర్తు ఒక్కటే ఉంటే ఒక్క రంగుపొడితో చేసినట్టు. అలాంటివి కలిపినా మట్టికొట్టుకుపోవడం తక్కువ. ఎండకి వెలిసిపోతుందా లేదా అన్నది కూడా అక్కడే రాసి ఉంటుంది.

తేనె ఎక్కువగా కలిపే రంగులు చక్కగా కరుగుతాయి గానీ, మన కోస్తా ఉక్కకి ఆరక అంటుకుంటాయి. ఏ రంగులైనా వాడిన వెంటనే మూత వెయ్యకండి, బూజు పడుతుంది. డబ్బు తక్కువైతే పెట్టె చిన్నది తీసుకోండి గానీ కాగితం మాత్రం మందంగా, 300 జీఎస్‌ఎం ఉండేలా చూసుకోండి. క్యాలెండరు కాగితం మీద మునగచెట్టు ఎందుకు చెడిందో నాకు తర్వాత అర్థమైంది.

చివరికి పన్నెండు హాఫ్ పాన్‌ల రేకుపెట్టె కొన్నాను, చీటీ డబ్బుల్లోంచి. వంటింటి అలమరలో పోపులపెట్టె పక్కనే పెట్టాను. కుక్కర్ మూడు కూతలు వేసేలోపు ఒక వంకాయ వెయ్యొచ్చు, ముచ్చికతో సహా. "ఇక్కడెందుకూ?" అని మావారు అడిగితే, "రోజూ వాడే సామాను ఇక్కడే కదా ఉంటుంది" అన్నాను. ఆయన ఇంకేం అనలేదు.

ఆదివారం అమ్మాయి ఫోన్ చేస్తే, పాత డబ్బాలో తెల్లబిళ్ళ ఎందుకు ముట్టుకోలేదని అడిగాను. "తెలుపు కాగితంలోనే ఉంటుందమ్మా, దాన్ని వదిలెయ్యాలి అంతే. నువ్వే చెప్పావుగా, నేను అయిదో తరగతిలో ఉన్నప్పుడు" అంది.

నేను చెప్పానట! నాకైతే ఆ సంగతే గుర్తులేదు.