అటవీ కౌంటీలకు ఫెడరల్ చెల్లింపులు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో జాతీయ అరణ్యాలు ఫెడరల్ ప్రభుత్వ ఆస్తి కావడం వల్ల, వాటిపై కౌంటీలు, అంటే ఇంచుమించు మన జిల్లాలవంటి స్థానిక పాలనా విభాగాలు, ఆస్తిపన్ను విధించలేవు. ఈ లోటు పూడ్చడానికి 1908 నాటి చట్టం కలప అమ్మకం, మేత రుసుము తదితర అటవీ రాబడిలో 25 శాతాన్ని రాష్ట్రాల ద్వారా ఆ కౌంటీల పాఠశాలలకూ రోడ్లకూ కేటాయించింది. పిల్లల చదువును చెట్ల నరికివేతతో ముడిపెట్టిన ఈ ఏర్పాటులోని అన్యాయం, 1990లో అడవులలో నివసించే ఉత్తరప్రాంతపు మచ్చల గుడ్లగూబకు చట్టపరమైన రక్షణ లభించాక వాషింగ్టన్, ఆరిగన్ రాష్ట్రాలలో కలప అమ్మకాలు కుప్పకూలి, అడవిపైనే ఆధారపడిన కౌంటీల ఆదాయం కరిగిపోయినప్పుడు స్పష్టంగా బయటపడింది. అందుకే 2000లో కాంగ్రెస్ గ్రామీణ పాఠశాలల భద్రతా చట్టం చేసి, 1986–1999 మధ్య అత్యధిక రాబడి వచ్చిన మూడేళ్ల సగటును చెల్లింపులకు ప్రాతిపదికగా తీసుకుంది. 2008లో సవరించిన సూత్రం అటవీ విస్తీర్ణాన్నీ స్థానికుల తలసరి ఆదాయాన్నీ లెక్కలోకి తెచ్చింది. అయితే ఇది శాశ్వత చట్టం కాదు. గడువు తీరి, పొడిగింపు ఆలస్యమైనప్పుడు కౌంటీలు పాత 25 శాతం పద్ధతికే మళ్లవలసి వస్తుంది. ఇవి కాక, పన్నుకు బదులుగా విడిగా ఇచ్చే చెల్లింపులను 1976 నాటి వేరొక చట్టం నిర్దేశిస్తుంది.