హైదరాబాదు మొహల్లాలు - వచ్చి వుండిపోయినవారి చరిత్ర

హైదరాబాదు పోయివచ్చిన మనవాళ్ళను ఏం చూశారని అడిగితే చార్మినారు, సాలార్‌జంగు మ్యూజియం, బిర్యానీ అని మూడు ముక్కల్లో తేల్చేస్తారు. మేము నాలుగు కుటుంబాలవాళ్ళం పిల్లాజెల్లాతో పాత బస్తీలో తిరిగాం. ఆ వూరి అసలు చరిత్ర మొహల్లాల్లో వుందని అప్పుడు అనిపించింది.

గోల్కొండ కోటలో జనం కిక్కిరిసిపోగా మహమ్మద్ కులీ కుతుబ్‌షా మూసీకి దక్షిణాన కొత్త నగరం కట్టించాడు. చార్మినారు 1591లో లేచింది. నదిమీద పురానాపూల్ వంతెన అంతకుముందే, 1578లో, ఆయన తండ్రి ఇబ్రహీం కులీ కట్టించినది. మన తెలుగు కవులు ‘మల్కిభరాముడు’ అని పిలుచుకున్నది ఆయన్నే. కొత్త నగరపు నక్షా వెనక వున్న పేష్వా మీర్ మోమిన్ ఇరాన్‌లోని అస్తరాబాదువాడు. బయటినుంచి వచ్చినవారి చెయ్యి మొదటిరోజునుంచే ఆ వూరిమీద వుందన్నమాట.

మక్కా మసీదు పని 1617లో మొదలై, రాజ్యాలే మారిపోయి, 1694లో ఔరంగజేబు హయాంలో ముగిసింది. మధ్యలో వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే, కిబ్లా వైపు పెట్టవలసిన ఒక్క రాతిని తొలవడానికే అయిదారువందలమందికి అయిదేళ్ళు పట్టిందనీ, దాన్ని లాగడానికి 1,400 ఎద్దులు కావలసివచ్చాయనీ రాసిపెట్టాడు. ఆ కూలీల పేర్లు ఎవరు రాశారు?

అక్కడికి దగ్గరలోనే, పత్తర్‌గట్టీ వెనక, బాద్‌షాహీ ఆషూర్‌ఖానా వుంది. యాత్రికులు చాలామంది దాని గడపే తొక్కరు. చార్మినారు కట్టిన కొద్ది యేళ్ళకే లేచిన కట్టడం. గోడలనిండా ఆలంల ఆకారంలో పసుపు, నీలం రంగుల పెంకుల పని, కళ్ళు తిప్పుకోలేం. 1687లో గోల్కొండ పడిపోయాక దాన్ని బండ్లు, ఎడ్లు కట్టే చోటుగా వాడారు. నిజాం అలీఖాన్ కాలంలో మళ్ళీ బాగుచేసి దీపాలు వెలిగించారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు గోడల కిందిభాగం దెబ్బతిన్నది. మన పల్లెల్లో హిందువులూ ముస్లిములూ కలిసి చేసుకునే పీర్ల పండుగకు ఆ ఆలంలు దగ్గరి చుట్టాలు. పిల్లలకు తప్పకుండా చూపించాలి. అదే వరదలో అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో వుంది.

ఇక బార్కస్. బ్యారక్స్ అన్న ఇంగ్లీషు మాట జనం నోట నలిగి అలా అయింది. నిజాం కొలువుకోసం యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిల బస్తీ అది. ఏ.సీ. గార్డ్స్ అనే పేటలో ఏ.సీ. అంటే ఎయిర్ కండిషన్ అనుకునేరు! ఆఫ్రికన్ కావల్రీ, అంటే హబ్షీ రౌతుల దళం. వనపర్తి రాజావారి దగ్గరనుంచి వారు నిజాం కొలువుకు చేరారని చెబుతారు. 1948 తరువాత ఆ దళాలు రద్దయిపోయాయి. అరబ్బుల్లో చాలామందిని తిప్పి పంపేశారు. జీతం పోయినా వూరిని వదలని కుటుంబాలు ఆ పేటల్లోనే వుండిపోయాయి. వారి పూర్వీకులు తెచ్చిన మర్ఫా వాద్యం మాత్రం వూరంతా పాకింది. ఇవాళ తెలంగాణలో ఏ కులంవారి పెళ్ళి వూరేగింపైనా తీన్‌మార్ దరువు లేకుండా కదలదు. అది మర్ఫా దరువే. చిందులేసే కుర్రాళ్ళలో ఎంతమందికి ఆ సంగతి తెలుసో మరి!

తిండి సంగతీ అంతే. బార్కస్‌లో పొద్దున్నే తినే హరీస్, గోధుమ, మాంసం కలిపి మెత్తగా ఉడికించినది, తీపిగానూ దొరుకుతుంది, ఉప్పగానూ దొరుకుతుంది. అదే మన మసాలాలు పట్టించుకుని, గంటలకొద్దీ భట్టీమీద దంపుడు తిని హలీం అయింది. 2010లో హైదరాబాదు హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. రంజాన్‌లో హలీం కోసం క్యూలు కట్టడం సరే, దానికి తాతలాంటి హరీస్‌ను ఒక్కసారైనా రుచి చూడాలి కదా!

సంగీతంలో ఖవ్వాలీ గురించి చెప్పకపోతే లోటు. అజీజ్ అహ్మద్‌ఖాన్ వార్సీ పాడిన వూరు ఇది. ఆయన మనుమలు ఆ పాటను నిలబెట్టారు. నాంపల్లి యూసుఫైన్ దర్గాలో ఉర్సు రోజుల్లో కూర్చుంటే ఖవ్వాలీ మజా ఏమిటో తెలుస్తుంది. సినిమాల్లోది దాని నీడ మాత్రమే.

లాడ్‌బజారులో గాజుల బేరం మన ఆడవాళ్ళకు ఎవరూ నేర్పక్కరలేదు. బొగ్గుల కుంపటిమీద లక్కను కరిగించి, సాగదీసి, చుట్టి, చల్లారేలోగా ఒక్కొక్క రాయీ చేత్తో అద్దుతారు. ఈ పనిలో చాలా భాగం ఇరుకు ఇళ్ళలో ఆడవాళ్ళదీ పిల్లలదీ. బేరం ఆడేముందు ఆ వేళ్ళను ఒకసారి తలుచుకోండి.

వెళ్ళదలచినవారికి ఒక మాట. చార్మినారు ఎప్పుడైనా ఎక్కవచ్చు. బార్కస్‌కు మాత్రం తెల్లవారుతూనే బయలుదేరండి. ఎండెక్కాక పోతే హరీస్ గిన్నెలు ఖాళీగా కనిపిస్తాయి.