చీట్లకట్టనుండి అంతర్జాలమునకు : సమస్యామూలకమైన వైద్యబోధన

1910లో ఫ్లెక్స్‌నర్ నివేదిక వెలువడిన పిదప అమెరికాలో వైద్యవిద్య రెండు ఖండములుగా స్థిరపడెను. మొదటి రెండేండ్లు మూలశాస్త్రములు. తరువాతి రెండేండ్లు రోగిశయ్య. శాస్త్రదృష్టి నెలకొనుటకు ఈ యేర్పాటు మేలు చేసినదే. కాని రోగి ముఖము చూచునప్పటికి విద్యార్థి తొలుత నేర్చినదానిలో చాలభాగము మఱచియుండెడివాడు.

ఈ వరుసను తలక్రిందు చేసినది కెనడాలోని హామిల్టన్ పట్టణమందలి మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయము. జాన్ ఎవాన్స్ ఆధ్వర్యమున 1969లో ఇరువదిమంది విద్యార్థులతో అచ్చటి వైద్యకళాశాల ఆరంభమయ్యెను. ఉపన్యాసము వెనుకబడి రోగి సమస్య ముందు నిలిచెను. ఆ సమస్యను విని, తమకేమి తెలియునో, ఏమి తెలియదో చిన్న బృందములుగా కూర్చుండి తేల్చుకొని, తెలియనిదానిని గ్రంథములలో వెదకి మరల కూడుట విద్యార్థుల పని. ఉపాధ్యాయుడు సమాధానము చెప్పడు. చర్చ దారి తప్పకుండ చూచును. 1974లో నెదర్లాండ్సులోని మాస్ట్రిక్ట్, 1978లో ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్ ఈ మార్గమునే పట్టినవి.

దీని యంతర్జాల రూపమునకు బీజము కంప్యూటరులో లేదు, చీట్లకట్టలో నున్నది. హవర్డ్ బారోస్, రాబిన్ టాంబ్లిన్ అనువారు 1970ల దశకమున ఒక రోగి సమస్యను చీట్లకట్టగా కూర్చిరి. ఒక్కొక్క చీటి ఒక ప్రశ్న, ఒక పరీక్ష, లేదా ఒక చికిత్స. విద్యార్థి కోరినదానిని తీయును, ఫలితము వెనుకనుండును. అనవసరపు పరీక్ష కోరినను చీటి వారింపదు. తరువాత పలుచోట్ల వాడుకకు వచ్చిన కాగితపు కథలలో ఈ స్వేచ్ఛ తగ్గెను. విద్యార్థులు తప్పుగా నిర్ణయించినను తరువాతి పుట మారదు గదా!

2009 ప్రాంతమున లండనులోని సెయింట్ జార్జెస్ వైద్యకళాశాలవారు కాగితపు కథలను మాని, అంతర్జాలముపై శాఖలుగా చీలు కథలను ప్రవేశపెట్టిరి. మందిచ్చిన నొక దారి, వేచిన నింకొక దారి. రోగి స్థితి ఆ నిర్ణయము ననుసరించును. వీనిని వ్రాయుట సులభము కాదు. ఐదు చోట్ల మూడేసి దారులు విడిచినచో ముగింపులు 243 అగును. కావున రచయితలు చీలిన దారులను కొంత నడిపించి మరల కలుపుదురు. 2012–2015 నడుమ జార్జియా, ఉక్రెయిన్, కజకిస్తాన్ కళాశాలలు ఇట్టి కథలను తమ భాషకు, ఆచారమునకు తగినట్లు మార్చుకొనెను.

భారతదేశమున 2019 నాటి పాఠ్యప్రణాళిక స్వయమధ్యయనమునకు, తొలియేటనే రోగిదర్శనమునకు చోటిచ్చెను. 2020 మార్చిలో కళాశాలలు మూతపడగా బోధన అంతర్జాలమున కెక్కెను. ఎక్కినవి మాత్రము హెచ్చుగా ఉపన్యాసములే.

ఆంధ్రదేశము వెలుపలి తెలుగువారికి ఇందొక చిక్కు కలదు. బళ్లారి (1961), బరంపురము (1962) వైద్యకళాశాలల ఆసుపత్రులకు తెలుగు రోగులును వత్తురు. ఇంగ్లీషు కథలోని రోగి తనకు ఛాతీనొప్పి యని స్పష్టముగా చెప్పును. తెలుగు ముసలమ్మ "గుండెల్లో మంటగా ఉంది బాబూ" అనును. ఆ మంట హృదయముదో, జీర్ణాశయముదో తేల్చుటతోనే విద్యార్థి పాఠము మొదలగును.