ఇంటింటి రేడియో కేంద్రము

వ్యాపారాపేక్ష లేక స్వగృహమునుండి రేడియోలో సంభాషించువారికి ‘హాము’లని పేరు. మన దేశమున 1921లో అమరేంద్రచంద్ర గుప్త మొదటి లైసెన్సు పొందెను. అదే యేట ముకుల్ బోసు రెండవ హామైన పిదపనే పలుకునకు మారుపలుకు లభించెను.

2004 డిసెంబరు 26న సునామీ అండమాను దీవులను ముంచినప్పుడు, దూరదేశపు హాములతో సంభాషించుటకై పోర్టుబ్లెయిరునకు ఏగియున్న భారతీ ప్రసాద్ బృందము బాధితుల క్షేమవార్తలను స్వజనులకు అందించెను.

చుట్టుపట్ల గ్రామములతో మాటాడుటకు నేడు ఇంట రెండు తరంగశ్రేణులు చాలును: 2 మీటర్లు, 70 సెంటీమీటర్లు. రెండవది మొదటిదానిలో సుమారు మూడవవంతగుటచే డాబాపై నిలిపిన ఒకే ఏరియలు రెంటికిని సరిపడును. కరెంటు పోయినను 12 వోల్టుల బ్యాటరీపై యంత్రము నడచును.

లైసెన్సు పొంది ముందే సిద్ధపరచిన కేంద్రమే ఆపదలో అక్కరకు వచ్చును. అవతల వినువాడు లేనిచో అదియు మూగదే.