ఎదిగే ముఖానికి కొలబద్ద

పిల్లవాని ఎత్తు కొలవడం సులభం. గోడకు ఆనించి నిలబెట్టి నెత్తిమీద గీత గీస్తే చాలు. నేల కదలదు గనుక నిరుటి గీతకూ నేటి గీతకూ నడుమనున్నదే పెరుగుదల. మరి ముఖానికి ఆ కదలని నేల ఏది? నుదురు, ముక్కు, దవడ ఒక్కొక్కటి ఒక్కో వేగంతో ఎదుగుతుంటే దేనిని ఆధారం చేసుకొని దేనిని కొలవాలి?

మన శిల్పశాస్త్రాలు ముఖం పొడవును 'తాళ'మని ప్రమాణంగా గ్రహించి, బాలరూపాలకు తక్కువ తాళాలు విధించాయి. పసిబిడ్డ తల దేహంలో దాదాపు నాలుగవ వంతు ఉంటుంది మరి. ఇది శిల్పికి చాలిన లెక్కే గాని, ఒకే బిడ్డ ముఖం ఏటేటా ఎట్లు మారుతుందో చెప్పదు.

పాశ్చాత్యులు చాలాకాలం మృతశిశువుల కపాలాలను వయసువారీగా పేర్చి కొలిచారు. ఇందులో పెద్ద లోపమున్నదని గుర్తించినవారిలో క్లీవ్‌లాండ్‌లోని వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు వింగేట్ టాడ్ ఒకడు. బాల్యంలోనే మరణించిన బిడ్డ తరచు రోగపీడితుడే. ఆ ఎముకలు చెప్పేది ఆరోగ్యవంతుని కథ కాదు. పైగా ఒక్కొక్క కపాలం ఒక్కొక్క బిడ్డది.

టాడ్ ప్రయోగశాలలో పనిచేసిన దంతవైద్యుడు హోలీ బ్రాడ్‌బెంట్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. కపాలాలను బిగించి నిలిపే సాధనాన్ని సజీవుల తలలకు అనువుగా మలచాడు. రెండు కడ్డీలు చెవిరంధ్రాలలో ఆనుతాయి, ఎక్స్‌రే గొట్టం ఐదడుగుల దూరాన స్థిరంగా ఉంటుంది. ఏ ఏడు తీసినా తల అదే భంగిమలో, ఛాయ అదే పరిమాణంలో పడుతుంది. 1931లో ఈ పద్ధతిని ప్రకటించాడు. విచిత్రమేమంటే అదే సంవత్సరం జర్మనీలో హోఫ్‌రాత్ కూడా స్వతంత్రంగా ఇటువంటిదే ప్రకటించాడు. ఫ్రాన్సెస్ బోల్టన్ అనే సంపన్నురాలు, ఆమె కుమారుడు చార్లెస్ ధనసహాయం చేయగా క్లీవ్‌లాండ్ పిల్లలు వేలమంది ఏటేటా వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నారు.

కపాలపు అడుగుభాగాన్ని స్థిరమనుకొని బొమ్మలను ఒకదానిపై ఒకటి పేర్చితే, ముఖం ఆ చూరు కిందినుండి కిందికీ ముందుకూ సాగడం కనిపించింది. పుట్టినప్పుడు ముఖంకంటె కపాలం ఎనిమిది రెట్లుంటే, పెద్దయ్యాక రెండు రెట్లే.

బ్రాడ్‌బెంట్ 1937లో వర్ణించిన మరొక దశ ఉపాధ్యాయులందరూ ఎరిగినదే. ఎనిమిది మొదలు పన్నెండేళ్ళ నడుమ ముందరి పళ్ళు ఎడంగా, విసనకర్రలా విచ్చుకొని ఉంటాయి. పైనుండి దిగుతున్న కోరపళ్ళు పక్కపళ్ళ వేళ్ళను నొక్కడమే కారణం. కోరపళ్ళు దిగాక ఆ సందు చాలామందికి తనంతట తానే మూసుకొంటుంది. ఆండర్సన్ కథలోని అందవికారపు బాతుపిల్ల పేరే దీనికి పెట్టాడు. మా బడిలో ఆ వయసు పిల్లలు చేత్తో నోరు మూసుకొని నవ్వేవారు. తోటివారు పెట్టే పేర్లు పంటిసందుకంటె ఎక్కువకాలం నిలుస్తాయి.

అయితే స్థిరమనుకొన్నదల్లా స్థిరం కాదని తరువాత తేలింది. డెన్మార్క్‌లో ఆర్నె బ్యోర్క్ పిల్లల దవడ ఎముకలలో సూక్ష్మమైన లోహపు సూదులు నాటి, 1955లో ఫలితాలు ప్రకటించాడు. దవడ ఒకచోట అరుగుతూ మరొకచోట పూడుతూ, లోపల తాను తిరుగుతున్న సంగతిని పైకి కనబడనీయదట! 1985లో బెహ్రెంట్స్ ఆ క్లీవ్‌లాండ్ పిల్లలలో వందకు పైగా మందిని పెద్దవయసులో మళ్ళీ పిలిపించి కొలిచాడు. ఎదుగుదల ఆగిందనుకొన్న ముఖం వృద్ధాప్యందాకా మారుతూనే ఉంది.

1975లో వెలువడిన బోల్టన్ ప్రమాణాల విషయంలో నాకొక అభ్యంతరం. అవి వచ్చిన పిల్లలందరి సగటు కావు, చక్కని ముఖాలని ఎంచిన కొద్దిమంది శ్వేతజాతి పిల్లలవి. ఒక ఊరి అందాన్ని ఉన్న ముఖాలన్నిటికీ కొలబద్ద చేయడం న్యాయమా? మన దేశపు వైద్యులు తమ ప్రాంతాల పిల్లలకు వేరే కొలతలు సిద్ధం చేసుకోవలసి వచ్చింది.

ఇప్పుడు కిరణాలతో పనిలేకుండా, క్షణంలో ముఖపు పైరూపాన్ని మూడు దిక్కుల కొలతలతో పట్టే కెమెరాలున్నాయి. ఎముక మాత్రం వాటికి చిక్కదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు పరిశోధనకై ఏటేటా ఎక్స్‌రే తీయడానికి నేడెవ్వరూ అనుమతించరు, అది ఉచితమే. అందుకే క్లీవ్‌లాండ్‌లో భద్రపరచిన ఆ పాత ఫిల్ములను పరిశోధకులు ఇంకా తిరగేస్తూనే ఉన్నారు.