పొందూరు నూలు, నౌపడ ఉప్పు, జీవకణము

పొందూరులో వాలుగచేప దవడతో పత్తిని శుభ్రపరచి, రాట్నముపై సన్నని నూలు వడకుట శ్రోతలలో పలువురు చూచియే యుందురు. పోగునకు పురి మితిమీరినచో అది తనపై తానే మెలికలు పడును. రెండు పోగులు పేనిన త్రాటిని నడుమ విడదీయబోయినచో ప్రక్కనున్న పురి మరింత బిగియును. ప్రతి జీవకణమునకును ఈ చిక్కే కలదు.

వంశలక్షణములను మోయు డి.ఎన్.ఏ. రెండు పోగుల పేనిక యని 1953లో వాట్సన్, క్రిక్ ప్రకటించిరి. అయితే ఆ పేనిక ఒకే రూపమున నిలుచునది కాదని రోజలిండ్ ఫ్రాంక్లిన్ అంతకు ముందే గ్రహించెను. లండనులో ఆమెయు, శిష్యుడు గోస్లింగును డి.ఎన్.ఏ. పోగుల చుట్టునున్న తేమను హెచ్చించియు తగ్గించియు ఎక్స్-రే చిత్రములు తీసిరి. తేమ తగ్గినపుడు పొట్టిరూపము, పెరిగినపుడు పొడుగురూపము కనబడెను. నీటితో మారు వస్తువును నీటినుండి వేరుచేసి ఎట్లు తెలిసికొనగలము?

ఉప్పు కథ మరింత చిత్రము. రెండు పోగులందును గల ఫాస్ఫేటులు ఋణవిద్యుత్తు కలవగుటచే ఒకదానినొకటి త్రోసికొనును. ఉప్పులోని సోడియము ధనవిద్యుత్తుతో నడుమ చేరి ఆ తగవు తీర్చును. నౌపడ మడులలో పండు ఆ ఉప్పే కరవైనచో కొద్దిపాటి వేడికే పోగులు విడిపోవును. ఉప్పు మితిమీరినను వింతయే. ఒక కృత్రిమ డి.ఎన్.ఏ.ను గాఢమైన ఉప్పునీట నుంచగా దాని రూపము మారినదని 1972లో జర్మనీలో పోల్, జోవిన్ గుర్తించిరి. 1979లో అలెగ్జాండర్ రిచ్ బృందము స్ఫటికమును పరీక్షించి, కుడిపురికి బదులు ఎడమపురి గల డి.ఎన్.ఏ.ను లోకమునకు చూపెను.

ఇక విప్పుట మాట. కణము రెండగుటకు పోగులు విడివడవలెను. విడివడుకొలది ముందున్న పురి బిగియును. పోగును కోసి, మెలిక సడలించి, మరల అతుకు ఎంజైమును 1971లో జేమ్స్ వాంగ్ ఒక సూక్ష్మజీవిలో కనుగొనెను. 1976లో గెల్లర్ట్ బృందము గైరేజు అను మరియొకదానిని పట్టుకొనెను. ఇది ఊరక పనిచేయదు, ఏ.టి.పి. అను ఇంధనము కావలెను. ఆ ఏ.టి.పి.ని 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి వెలికి తీసినవారు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. జర్మనీలో లోమన్ సయితము అదే యేట దానిని కనుగొనెను. సుబ్బారావుగారు 1948లో కన్నుమూసిరి. డి.ఎన్.ఏ. పేనిక యనియే నాటికి ఎవరికిని తెలియదు!

కణములో ఏ.టి.పి. తగ్గినచో గైరేజు మందగించును, డి.ఎన్.ఏ. పురియు మారును. సూక్ష్మజీవి ఉప్పునీట పడినపుడును పురి మారి, ఉప్పును తట్టుకొనుటకు తోడ్పడు జన్యువు మేల్కొనునని 1988లో హిగిన్స్ బృందము తెలిపెను. బయటి నీటి వార్త లోపలి త్రాటికి ఇట్లు చేరుచున్నది.

మన యిండ్లలో అందరెరిగిన సిప్రోఫ్లాక్సాసిన్ మాత్ర పనిచేయునదియు ఇచ్చటనే. గైరేజు కోసిన పోగును మరల అతుకనీయక అది పట్టి నిలుపును, క్రిమి చచ్చును. కాని గైరేజులో ఒకటి రెండు అమైనో ఆమ్లములు మారిన చాలును, మాత్రకు పట్టు తప్పును. నేడు మన దేశపు టైఫాయిడు క్రిములలో అట్టివే అధికము.